ఉష్ణోగ్రత మానాలు, వాటి మార్పిడి

రోహిణి కార్తెలో బయట ఎండ 44 డిగ్రీలని టీవీ చెబుతుంటుంది. లోపల మంచం మీద పిల్లవాడి జ్వరం 102 డిగ్రీలని తల్లి డాక్టరుకు ఫోను చేసి చెబుతుంటుంది. ఈ రెండంకెలూ ఒకేసారి చెవిన పడ్డవాళ్లు కూడా పిల్లవాడి ఒళ్లు ఎండకు రెండింతలు కాలిపోతోందని అనుకోరు. మొదటిది సెల్సియస్, రెండోది ఫారన్‌హీట్ అని ఎవరూ విప్పి చెప్పరు, చెప్పనక్కర్లేదు కూడా. ఒకే మానంలో పెట్టి చూస్తే ఎండదే పైచేయి. 44 సెల్సియస్ అంటే 111.2 ఫారన్‌హీట్, 102 ఫారన్‌హీట్ అంటే 38.9 సెల్సియస్. దేశంలో మెట్రిక్ పద్ధతి వచ్చాక వాతావరణం సెల్సియస్‌లోకి మారింది గాని, నోట్లో పెట్టే థర్మామీటరు మాత్రం చాలా ఇళ్లలో పాత లెక్కలోనే ఉండిపోయింది. రెండింటినీ 'డిగ్రీలు' అనే పిలుస్తూ అందరం నెట్టుకొస్తున్నాం. ఒక మానంలోని అంకెను మరో మానంలోకి దించవలసి వచ్చినప్పుడే తిప్పలు మొదలవుతాయి.

మిగతా కొలతల్లో ఈ తిప్పలు లేవు. సున్నా గజాలంటే సున్నా మీటర్లే, సున్నా తులాలంటే సున్నా గ్రాములే. అందుకని ఒక్క గుణకారంతో పని అయిపోతుంది. ఉష్ణోగ్రతకు సున్నా ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మానం తయారుచేసినవాడి ఇష్టం. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఉగాది దాటాక శాలివాహన శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఏడాది పొడవు రెండిటిలోనూ ఇంచుమించు ఒకటే, మొదలే వేరు. సెల్సియస్‌కూ కెల్విన్‌కూ ఉన్న సంబంధం ఇలాంటిదే. హిజ్రీ శకం సంగతి వేరు. అది 622లో మొదలైంది, పైగా దాని ఏడాదికి 354 రోజులో 355 రోజులో. మొదలూ వేరే, పొడవూ వేరే కాబట్టి కూడికతో తెమలదు, గుణకారమూ చెయ్యాలి. సెల్సియస్, ఫారన్‌హీట్‌ల మధ్య ఉన్నది ఈ రెండో రకం చుట్టరికం.

సున్నాలు ఎక్కడివి

డేనియల్ గాబ్రియెల్ ఫారన్‌హీట్ 1686లో బాల్టిక్ తీరంలోని డాన్జిగ్‌లో పుట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌లో పరికరాలు తయారుచేస్తూ బతికినవాడు. పాదరసంతో నమ్మదగ్గ ఉష్ణమాపకాన్ని చేసిన ఘనత అతనిదే. రెండు థర్మామీటర్లు పక్కపక్కన పెడితే రెండూ ఒకే అంకె చూపడం ఆ రోజుల్లో వింత. 1708లో అతను కోపెన్‌హేగన్‌లో ఖగోళవేత్త ఓలే రోమర్‌ను కలిశాడు. రోమర్ మానంలో మంచు కరిగేది ఏడున్నర దగ్గర, ఒంటి వేడి ఇరవై రెండున్నర దగ్గర. ఈ అరలూ చిల్లరా ఫారన్‌హీట్‌కు నచ్చలేదు. నాలుగుతో హెచ్చవేసి, తర్వాత కొంచెం సర్ది, మంచుకు 32, ఒంటికి 96 ఖాయం చేశాడు. 32కూ 96కూ మధ్య 64 గీతలు. గాజు గొట్టం మీద గీతలు పెట్టేవాడికి ఇదెంత సుఖమో చూడండి. దూరాన్ని సగం చెయ్యడం, ఆ సగాన్ని మళ్లీ సగం చెయ్యడం, ఇలా ఆరుసార్లు చేస్తే 64 భాగాలూ వచ్చేస్తాయి. సున్నాకు నీళ్లు, మంచు, నవాసాగరం కలిపిన మిశ్రమాన్ని వాడానని 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. అతను పోయాక నీళ్లు మరిగే స్థానాన్ని 212గా బిగించారు. మంచుకూ మరుగుకూ మధ్య సరిగ్గా 180 డిగ్రీలు వచ్చాయి గాని, ఒంటి వేడి 96 నుంచి పైకి జరిగిపోయింది. ఫారన్‌హీట్ అంకెలు గుడ్డిగా పెట్టినవని వెక్కిరించడం మామూలే గాని, నా మటుకు అవి చేతిపని తెలిసినవాడు పెట్టిన అంకెలు.

స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళశాస్త్రం చెప్పిన ఆండర్స్ సెల్సియస్ 1742లో మంచుకూ మరుగుకూ మధ్య దూరాన్ని నూరు భాగాలు చేశాడు. అయితే అతని మానం తలకిందులుగా ఉండేది. నీళ్లు మరిగేది సున్నా దగ్గర, గడ్డకట్టేది 100 దగ్గర. ఇప్పుడు మనం వాడే వరస 1744లో అతను పోయిన తర్వాత స్థిరపడింది. ఫ్రాన్సులోని లియోన్‌లో క్రిస్టిన్ 1743లోనే ఆ వరసలో థర్మామీటరు చేయించాడు. చాలాకాలం దీన్ని సెంటీగ్రేడ్ అన్నారు. 1948లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ సెల్సియస్ పేరును అధికారికం చేసింది. తెలుగు నోట మాత్రం సెంటీగ్రేడ్ ఇప్పటికీ చావలేదు, దానివల్ల నష్టమూ లేదు. రెండూ ఒకటే.

ఫ్రాన్సుకు చెందిన రియోమర్ మానంలో మంచు సున్నా, మరుగు 80. 18, 19 శతాబ్దాల ఫ్రెంచి, జర్మన్, రష్యన్ రాతల్లో ఒట్టి 'డిగ్రీలు' కనబడితే అవి రియోమర్‌వి కావచ్చునని అనుమానించాలి. అక్కడ 30 డిగ్రీలంటే మన 37.5. బ్రిటిష్ వాళ్ల కాలపు జిల్లా మాన్యువళ్లు చదివేవారికి ఇంకో జాగ్రత్త కావాలి. వాటిలో ఎండ ఫారన్‌హీట్‌లో ఉంటుంది. 112 అని చూసి బెదరక్కర్లేదు, అది 44.4 సెల్సియస్ మాత్రమే.

ఈ మానాలన్నిటిలోనూ సున్నా ఒక మజిలీయే గాని అట్టడుగు కాదు. అసలైన అడుగు ఒకటి ఉండవచ్చునని మొదట తోచింది పారిస్‌లోని గియోమ్ అమంటాన్‌కు. మూసిన గాలి పీడనం చల్లబడేకొద్దీ క్రమంగా తగ్గుతోంది. అలాగే తగ్గుకుంటూ పోతే ఎక్కడో సున్నా కావాలి, అంతకన్నా చలి ఉండడానికి వీల్లేదు. 1848లో విలియం థామ్సన్ ఏ పదార్థం మీదా ఆధారపడని పరమ మానాన్ని ప్రతిపాదించాడు. తర్వాత అతనికి లార్డ్ కెల్విన్ అనే బిరుదు వచ్చింది, ఆ పేరే ప్రమాణానికీ పెట్టారు. పరమ శూన్యం సెల్సియస్‌లో మైనస్ 273.15, ఫారన్‌హీట్‌లో మైనస్ 459.67. ఫారన్‌హీట్ డిగ్రీలతోనే పరమ శూన్యం నుంచి లెక్కపెట్టే మానం ఒకటి గ్లాస్గో ఇంజనీరు రాంకిన్ 1859లో పెట్టాడు. అమెరికా ఇంజనీరింగ్ పుస్తకాల్లో అది ఇంకా తగులుతుంది.

లెక్క

సెల్సియస్‌ను సె, ఫారన్‌హీట్‌ను ఫా, కెల్విన్‌ను కె అనుకుంటే మూడు వరసలు చాలు:

ఫా = సె × 9/5 + 32
సె = (ఫా − 32) × 5/9
కె = సె + 273.15

రాంకిన్ కావాలంటే కెల్విన్‌ను 9/5తో, రియోమర్ కావాలంటే సెల్సియస్‌ను 4/5తో గుణిస్తే సరి. ఈ సూత్రాలను విడివిడిగా బట్టీ పట్టేకంటే వాటి వెనకున్న ఒక్క మాట పట్టుకోవడం మేలు. మంచుకూ మరుగుకూ మధ్య దారిలో మనం ఎన్నో వంతు దగ్గర ఉన్నామో అన్ని మానాలూ ఒకే మాట చెబుతాయి. అంకెలోంచి అధో స్థిర స్థానాన్ని, అంటే మంచు అంకెను తీసేసి, రెండు స్థిర స్థానాల మధ్య దూరంతో భాగిస్తే ఆ వంతు వస్తుంది. తప్పుడు థర్మామీటరు లెక్క అని ఇంటర్ పిల్లలను పోటీ పరీక్షల్లో ఏడిపించేది ఇదే. మంచులో 5, మరిగే నీళ్లలో 95 చూపే థర్మామీటరు 59 చూపిందంటే అసలు ఉష్ణోగ్రత ఎంత? 59లోంచి 5 తీస్తే 54, దాన్ని 90తో భాగిస్తే పదింట ఆరు వంతులు. కనుక 60 డిగ్రీలు. ఫారన్‌హీట్‌ను కూడా 32, 212 దగ్గర గీతలున్న ఒక 'తప్పుడు' థర్మామీటరు అనుకుంటే కొత్త సూత్రమే అక్కర్లేదు.

కాగితం, ఫోను లేనప్పుడు నోటిలెక్కకు ఒక సులువుంది. సెల్సియస్ అంకెను రెట్టింపు చేసి, అందులో పదో వంతు తీసేసి, 32 కలపాలి. 44కు రెట్టింపు 88, పదో వంతు 8.8 పోగా 79.2, దానికి 32 కలిపితే 111.2. ఇది ఉజ్జాయింపు కాదు, కచ్చితమైన జవాబే. రెట్టింపులో పదో వంతు తీయడమంటే 1.8తో గుణించడమే కదా. తిరుగు లెక్క ఇంత నున్నగా రాదు. 32 తీసి, సగం చేసి, ఆ సగానికి దాని పదో వంతు కలపాలి. ఇంకా దగ్గరకు రావాలంటే నూరో వంతూ కలపాలి. 101 జ్వరానికి 69, అందులో సగం 34.5, దానికి 3.45 కలిపితే 37.95, ఇంకో 0.345 కలిపితే 38.3 దాకా వచ్చాం. జ్వరం చూసుకోవడానికి అది చాలు.

రెండు మానాలూ కలుసుకునే చోటు మైనస్ 40. అక్కడ సెల్సియస్ అన్నా ఫారన్‌హీట్ అన్నా ఒకటే. దీంతో ఇంకో దారి దొరుకుతుంది. ఎటు నుంచి ఎటు మార్చినా ముందు 40 కలిపి, 9/5తోనో 5/9తోనో గుణించి, మళ్లీ 40 తీసేస్తే చాలు. 32ను ముందు తీయాలా తర్వాత కలపాలా అన్న తికమక ఉండదు. ఫారన్‌హీట్, కెల్విన్‌లు కలిసేది 574.5875 దగ్గర. ఆ కలయికతో ఎవరికీ పనిపడినట్టు లేదు.

స్థానం వేరు, తేడా వేరు

ఉష్ణోగ్రత మార్పిడిలో జరిగే తప్పులు చాలామటుకు సూత్రం తెలియక జరిగేవి కావు. సూత్రం తెలిసీ దాన్ని వాడకూడని చోట వాడడంవల్ల జరిగేవి. 'డిగ్రీ' అనే మాట రెండు పనులు చేస్తుంది. ఒకటి, మానం మీద ఫలానా స్థానాన్ని చెప్పడం. రెండు, రెండు స్థానాల మధ్య తేడాను చెప్పడం. స్థానాన్ని మార్చేటప్పుడు 32 కలపాలి. తేడాను మార్చేటప్పుడు కలపకూడదు.

మన వడగాడ్పుల వార్తలో రెండూ పక్కపక్కనే ఉంటాయి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, అది ఆ రోజుకు సాధారణమైన దానికంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాడ్పు; అంతకు మించితే తీవ్ర వడగాడ్పు. సాధారణంతో పనిలేకుండా 45 చేరితే వడగాడ్పు, 47 చేరితే తీవ్రం. ఈ వార్తను డాలస్‌లో ఉన్న బంధువులకు ఫారన్‌హీట్‌లో చెప్పాలనుకోండి. 40 స్థానం, కాబట్టి 104 అవుతుంది. 4.5 తేడా, కాబట్టి 1.8తో గుణించి 8.1 అనాలి. మార్పిడి యంత్రంలో 4.5 కొట్టి చూస్తే అది 40.1 అని చెబుతుంది. యంత్రం తప్పు లేదు, మనం అడిగిందే తప్పు. 40.1 ఫారన్‌హీట్ డిగ్రీల పెరుగుదల అంటే ఊళ్లో ఎవరూ మిగలరు. భూతాపం గురించిన వార్తల్లో 1.5 డిగ్రీల పెరుగుదలను 34.7 ఫారన్‌హీట్ అని రాయడం కూడా ఇదే జాతి పొరపాటు. రాయవలసింది 2.7.

కెల్విన్‌తో ఈ గొడవ సగమే ఉంది. తేడా విషయంలో ఒక కెల్విన్, ఒక సెల్సియస్ డిగ్రీ సమానం. అందుకే శాస్త్ర పత్రాల్లో స్థానాన్ని సెల్సియస్‌లో, తేడాను కెల్విన్లలో రాసే పద్ధతి ఉంది. గది 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంది, తేడా 2 కెల్విన్లకు మించలేదు అని చదివి పాఠకుడు 273 కోసం వెతుక్కోకూడదు. కెల్విన్‌కు ముందు 'డిగ్రీ' అనడం 1967 నుంచి మానేశారు. 300 కెల్విన్లు అనాలి, అంతే.

ఎన్నిరెట్లు అన్న ప్రశ్నకు జవాబు పరమ శూన్యం నుంచి లెక్కపెట్టే కెల్విన్ లాంటి మానాలే ఇవ్వగలవు. తెల్లవారుజామున 20, మధ్యాహ్నం 40 అయితే వేడి రెట్టింపయిందా? ఫారన్‌హీట్‌లో చూస్తే 68 నుంచి 104, అంటే ఒకటిన్నర రెట్లు. కెల్విన్లలో 293 నుంచి 313, అంటే నూటికి ఏడు వంతులు కూడా పెరగలేదు. గాలికి, గ్యాసుకు తెలిసిన లెక్క మూడోదే. ఇంటర్ ఫిజిక్సు లెక్కల్లో వాయువు ఎప్పుడు చూసినా 27 డిగ్రీల దగ్గరే ఉంటుంది. 273 కలిపితే గుండుగా 300 వస్తుందని అలా పెడతారు. పీడనం మారకుండా ఘనపరిమాణం రెట్టింపు కావాలంటే ఎంత వేడి చెయ్యాలి అని అడిగితే, తొందరపడ్డవాడు 54 అని రాసి మార్కులు పోగొట్టుకుంటాడు. 300కు రెట్టింపు 600, అందులోంచి 273 తీస్తే 327 డిగ్రీలు.

98.6 వెనక కథ

అంకెలు మారినప్పుడు వాటి కచ్చితత్వం కూడా మారినట్టు భ్రమ కలుగుతుంది. దీనికి 98.6ను మించిన ఉదాహరణ లేదు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ వుండర్లిష్ అనే వైద్యుడు వేలమంది రోగుల చంకల్లో థర్మామీటరు పెట్టి, 1868లో ఒక పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఆరోగ్యవంతుల వేడికి అతను చెప్పిన సగటు 37 సెల్సియస్. మనిషి ఒంటి వేడి పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది, మనిషి మనిషికీ మారుతుంది. 37 అంటే 'సుమారు 37' అని వినేవాడికి తెలుసు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి దించగానే 98.6 అయింది. దశాంశ స్థానంలోని ఆ ఆరు ఎవరూ కొలిచింది కాదు, గుణకారంలో పుట్టింది. దాన్ని ఎర్ర గీతగా పెట్టుకుని 99 చూడగానే బడి మాన్పించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 1992లో అమెరికాలోని మేరీలాండ్‌లో మకోవియాక్ బృందం 148 మంది ఆరోగ్యవంతుల మీద కొలిస్తే సగటు 98.2 వచ్చింది. జ్వరానికి హద్దుగా వినబడే 100.4 కూడా ఇలా పుట్టిందే, అది గుండు 38. మార్చిన అంకెలో దశాంశ స్థానాలు అసలు కొలతలో ఉన్నంత మేరకే ఉంచాలన్న నియమం ఇందుకే.

కెల్విన్ తిరిగే చోట్లు

శ్రీహరికోట నుంచి ఎగిరే ఎల్‌వీఎం3 రాకెట్ పై అంచెలో ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ వాడతారు. హైడ్రోజన్ ద్రవంగా ఉండాలంటే 20 కెల్విన్ల దగ్గర, ఆక్సిజన్‌కు 90 కెల్విన్ల దగ్గర ఉండాలి. సెల్సియస్‌లో ఇవి మైనస్ 253, మైనస్ 183. ఇంజనీరు కెల్విన్‌నే ఇష్టపడతాడు. 20 అంటే అట్టడుగు నుంచి ఎంత పైన ఉన్నామో వెంటనే తెలుస్తుంది, మైనస్ 253 ఆ మాట చెప్పదు. ఆసుపత్రిలో ఎంఆర్‌ఐ యంత్రపు అయస్కాంతాన్ని చల్లబరిచే ద్రవ హీలియం 4.2 కెల్విన్ల దగ్గర మరుగుతుంది.

కెల్విన్ కొట్టు దాకా వచ్చిన సంగతి చాలామంది గమనించరు. ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీద 2700, 3000, 6500 అని ఉండేవి కెల్విన్లే. అంత వేడెక్కిన వస్తువు ఏ రంగు వెలుగు ఇస్తుందో ఆ రంగని అర్థం. బల్బు అంత వేడిగా ఉందని కాదు. తమాషా ఏమిటంటే, పసుపు వెలుగిచ్చే 2700 బల్బును 'వార్మ్' అనీ, నీలం చాయ తెలుపునిచ్చే 6500 బల్బును 'కూల్' అనీ అమ్ముతారు. పేర్లు కంటికి తోచినట్టు పెట్టారు, కెల్విన్ కొలిమి లెక్క చెబుతోంది. కొలిమిలో ఇనుము ముందు ఎర్రబడుతుంది, మరీ కాలితే తెల్లబడుతుంది. కమ్మరికి ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. సూర్యుడి ఉపరితలం సుమారు 5772 కెల్విన్లు.

మరీ పైకి పోతే 273కు విలువే లేదు. ఫ్రాన్సులో కడుతున్న ఐటర్ సంలీన రియాక్టరులో 15 కోట్ల డిగ్రీలని వార్త వస్తే అది సెల్సియసా, కెల్వినా అని తగువుపడక్కర్లేదు. ఫారన్‌హీట్ అయితే మాత్రం 27 కోట్లు అవుతుంది. సున్నాల తేడా కరిగిపోయినా డిగ్రీ సైజు తేడా కరగదు. ఆ రంగంలోని వాళ్లు అసలు డిగ్రీలనే మాట్లాడరు, ఎలక్ట్రాన్ వోల్టులంటారు. ఒక ఎలక్ట్రాన్ వోల్టుకు దాదాపు 11,600 కెల్విన్లు.

ప్రమాణం ఎవరి చేతిలో ఉంది

273.15, 273.16 అన్న రెండంకెల్లో ఏది సరైనదని విద్యార్థులు తగువులాడుకుంటారు. రెండూ సరైనవే. మొదటిది సెల్సియస్ సున్నా. రెండోది నీళ్లు, మంచు, ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉండే త్రిక బిందువు, అది 0.01 సెల్సియస్ దగ్గర ఉంటుంది. మరుగు స్థానం గాలి పీడనాన్ని బట్టి కొండ మీద ఒకలా, తీరంలో ఒకలా ఉంటుంది. త్రిక బిందువుకు ఆ చాపల్యం లేదు. గాజు పాత్రలో శుద్ధమైన నీటిని మూసి ఎక్కడ పెట్టినా అదే. అందుకని 1954లో కెల్విన్ నిర్వచనాన్ని దానికి ముడిపెట్టారు. 2019 మే 20 నుంచి ఆ ముడి విప్పేసి, బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ప్రతి కెల్విన్‌కు 1.380649 × 10⁻²³ జౌళ్లుగా స్థిరపరిచి, కెల్విన్‌ను దాని మీద నిలబెట్టారు. ఇంట్లో థర్మామీటరుకు దీనివల్ల వీసమెత్తు తేడా రాలేదు.

ప్రయోగశాలల్లో రోజువారీ పనికి 1990 నాటి అంతర్జాతీయ మానం వాడతారు. అందులో జింకు గడ్డకట్టేది 419.527, వెండి 961.78, బంగారం 1064.18 సెల్సియస్ దగ్గర. ఈ మానంలో జాగ్రత్తగా కొలిస్తే సముద్రమట్టపు పీడనం దగ్గర నీళ్లు మరిగేది సరిగ్గా 100 దగ్గర కాదు, 99.974 దగ్గర. సెల్సియస్‌కు పునాది వేసిన అంకే ఇప్పుడు కొలతకు లోబడింది. మన దేశంలో ఉష్ణోగ్రత ప్రమాణాలను కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల.

కంప్యూటర్‌లో

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకు ఈ మార్పిడి ఓనమాల్లాంటిది. కెర్నిగన్, రిచీ 1978లో అచ్చువేసిన సి భాషా గ్రంథంలో పలకరింపు ప్రోగ్రాము తర్వాత వచ్చే మొదటి లెక్క ఫారన్‌హీట్, సెల్సియస్ పట్టికే. దాని రెండో కూర్పులో ఐదుతో ముందు గుణించి, తర్వాత తొమ్మిదితో భాగిస్తారు. కారణం ఉంది. సి భాషలో పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే దశాంశ భాగం పారేస్తుంది. 9/5 అని రాస్తే 1 వస్తుంది, 5/9 అని రాస్తే సున్నా. ల్యాబులో మొదటిసారి కూర్చున్న విద్యార్థి సూత్రంలోని 9/5ను ముందు పెట్టి 9/5 × సె + 32 అని రాసి, మైనస్ 40 సెల్సియస్ ఇచ్చి చూస్తే, మైనస్ 40 రావలసిన చోట మైనస్ 8 వస్తుంది. తిరుగు మార్పిడి ఇంకా ఘోరం. 5/9ను ముందు రాస్తే ఏ అంకెనైనా సున్నాతో గుణిస్తుంది కాబట్టి, మే నెలలో రెంటచింతల ఎండను ఫారన్‌హీట్‌లో ఇచ్చినా జవాబు సున్నా డిగ్రీలే. 5.0, 9.0 అని రాస్తే సరిపోతుంది.